పోటీ వద్దు, పొందిక ముద్దు

తిండిగింజల మార్కెట్లోనూ, ఎరువులు, విత్తనాల వ్యాపారంలోనూ న్యాయమైన పోటీ ఉండాలని ఈ మధ్య కొందరు పట్టుబడుతున్నారు. చదువుకున్నవారే ఇలా మాట్లాడుతుంటే మనసుకు కష్టంగా ఉంది. ఐకమత్యమే మహాబలం అని బడిలో అందరం వల్లె వేశాం. పెద్దయ్యాక ఆ పాఠాన్ని అక్షరాలా ఆచరిస్తున్నది ఎవరయ్యా అంటే, విశాఖపట్నంలో నాకు తెలిసినంతవరకు, బియ్యం వ్యాపారులు. అన్నదమ్ముల్లా మెలుగుతున్న అటువంటి పెద్దమనుషులను మీరు పోటీపడండి అని ఎగదోయడం ఏం ధర్మం?

26 కిలోల బస్తా సంగతే చూడండి. 2022 జూలై 18 నుంచి, సంచిలో కట్టి ముద్ర వేసి అమ్మే బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోల వరకే ఆ పన్ను, అది దాటితే లేదు. అప్పటిదాకా 25 కిలోలున్న బస్తా చూస్తూ ఉండగానే ఒక కిలో ఒళ్లు చేసింది. ఎవరూ 27 అనలేదు, 28 అనలేదు. పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా 26 అంటే 26. సభ లేదు, తీర్మానం లేదు, కనీసం టీ ఖర్చు లేదు. మా అపార్ట్‌మెంటులో నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో తేల్చడానికే మూడు సర్వసభ్య సమావేశాలు చాలలేదు. పన్ను తప్పింది కదా, ఆ మేరకు ధర ఎంత తగ్గిందని మాత్రం అడగకండి. ఆత్మీయుల మధ్య లెక్కలు ఎత్తడం మర్యాద కాదు.

మా వీధిలోని బియ్యం దుకాణాల్లో సన్నబియ్యం ధర పెరిగితే అన్నింటిలోనూ ఒకే ఉదయం పెరుగుతుంది. తగ్గవలసి వచ్చినప్పుడు పెద్దవారు ముందు తగ్గించాలని చిన్నవారు, చిన్నవారికి అవకాశం ఇవ్వాలని పెద్దవారు ఆగిపోతారు. ఆ వినయంలోనే పండగలు గడిచిపోతాయి.

ఇక ఎరువుల దుకాణం. పద్మనాభం మండలంలో వరి వేసే మా బావగారితో నేనూ ఒకసారి వెళ్లాను. 45 కిలోల యూరియా బస్తా మీద 266 రూపాయల 50 పైసలు అని అచ్చువేసి ఉంటుంది. ధర కేంద్రమే కట్టడి చేసింది కనుక అందులో చేయి పెట్టడానికి లేదు. చేయి పక్కనున్న ద్రవ యూరియా సీసా మీద పడుతుంది.

"యూరియా ఉందా బాబూ?"

"ఉందండీ. జింకు ప్యాకెట్టు ఒకటి, నానో యూరియా సీసా ఒకటి తీసుకుంటే ఉంది."

"తీసుకోకపోతే?"

"లేదండీ."

ఒకే గోదాములో ఒకే బస్తా ఒకేసారి ఉండీ లేకుండా ఉండగలదని గ్రహించడానికి మన వేదాంతులు ఏళ్ల తరబడి తపస్సు చేశారు. ఈ డీలరు కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, ఫోను చూసుకుంటూ తేల్చేశాడు. ఒక సరుకుకు ఇంకొకటి ఇలా అంటగట్టడాన్ని ఊళ్లో 'లింకు' అంటారు. డీలరును తిట్టి లాభం లేదు, తమకూ పైనుంచి లింకే అని డీలర్లే వాపోతుంటారు. ఆ పైవారికి ఎవరు లింకు పెట్టారో మాత్రం ఎవరూ చెప్పరు. యూరియా ఓడలు వచ్చి దిగేదేమో మన విశాఖ రేవులోనే.

ఒక సరుకు కావాలంటే ఇంకొకటి కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్‌లోనే ప్రస్తావించింది. దానివల్ల పోటీ దెబ్బతింటే చెల్లదని కూడా అంది. చాలా మంచి చట్టం. బావగారు చేయవలసిందల్లా, పైరు పిలక దశ దాటేలోగా, ఢిల్లీలో ఉన్న పోటీ కమిషన్ ముందు తన గోడు వెళ్లబోసుకుని, మార్కెట్ మీద దాని ప్రభావాన్ని ఆధారాలతో నిరూపించి, తిరిగివచ్చి ఎరువు చల్లుకోవడమే. ఆయన ఆ సీసా కొనుక్కున్నారు. జింకు ప్యాకెట్టు కూడా.

ధాన్యం అమ్మబోయినా ఇదే పొందిక. 2025-26కు సాధారణ రకం క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,777 దాకా. తేమ 17 శాతం మించకూడదు. కళ్లంలో 17 చూపించిన ధాన్యం మిల్లు గేటు దాటగానే 20 చూపిస్తుందని రైతులు గోల పెడతారు. సముద్రపు గాలి తగిలి ఉంటుంది. అయితే ఆ గాలి తరుగు తీసేవైపే వీస్తుంది, బస్తా బరువు పెంచేవైపు ఎన్నడూ వీచదు.

ఈ సుహృద్భావం మన విశాఖకే పరిమితం అనుకునేరు. విత్తనాలు, పురుగుమందుల కంపెనీల ప్రపంచంలో వరసగా ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో! 2017లో డౌ, డ్యూపాంట్ ఒక ఇంటివయ్యాయి. అదే ఏడాది కెమ్‌చైనా 4,300 కోట్ల డాలర్ల కట్నం పోసి సింజెంటాను తెచ్చుకుంది. 2018లో బేయర్ 6,300 కోట్ల డాలర్లకు మోన్‌శాంటోను చేసుకుంది. అందులో అడ్డొచ్చిన విత్తన వ్యాపారాన్ని నియంత్రణ సంస్థలు అమ్మేయమంటే దాన్ని ఆ పెద్ద కంపెనీల్లోనే మరొకటైన బీఏఎస్‌ఎఫ్ కొనుక్కుంది. బయటివారెవరికీ వెళ్లలేదు, ఈ రంగంలోని ఆరుగురు పెద్దలు కాస్తా నలుగురయ్యారు. వియ్యాలవారు ఇంత తక్కువమంది ఉంటే విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పేచీ ఉండదు.

అలాగని పోటీ బొత్తిగా లేదనడం అన్యాయం. ఎంవీపీ కాలనీ రైతు బజారుకు తెల్లవారకముందే వెళ్లండి. ఆనందపురం వైపునుంచి కూరలు మోసుకొచ్చినవారు ఆటోలో చోటుకు పోటీ, షెడ్డు కింద నీడకు పోటీ, కాటాకు పోటీ. బోర్డు మీద రాసిన ధరకు మించి అమ్మకూడదు. తగ్గించుకోవడానికి మాత్రం సంపూర్ణ స్వేచ్ఛ. ఎండ ముదిరి వంకాయలు వడలుతున్నకొద్దీ ఆ స్వేచ్ఛను అందరూ ఒకరిని మించి ఒకరు అనుభవిస్తారు. స్వచ్ఛమైన పోటీ ఎలా ఉంటుందని అడిగే ఆర్థికశాస్త్ర విద్యార్థులను నేను అక్కడికే పంపుతుంటాను, సంచి కూడా తీసుకెళ్లమంటాను.

ఇంత సామరస్యాన్ని పోటీ పేరుతో చెడగొట్టే బదులు గౌరవించుకోవాలని నా ప్రతిపాదన. మిల్లర్లు, హోల్‌సేలు వ్యాపారులు, డీలర్లు అందరినీ సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఐకమత్య పురస్కారాలు ఇద్దాం. బావగారి ఊరి రైతులు కూడా రావచ్చు, ఒక్కొక్కరు ఒక్కో నానో సీసా కొంటే ప్రవేశం ఉచితం. శాలువాల కోసం నేనే ముందుపడి మూడు దుకాణాల్లో కొటేషన్లు అడిగాను. మూడూ వేర్వేరు కవర్లలో, వేర్వేరు సంతకాలతో వచ్చాయి. ధర మాత్రం పైసలతో సహా ఒక్కటే. మూడింటిలోనూ 'సన్మాన శాలువాలు' ఉండవలసిన చోట 'సన్నామ శాలువాలు' అని ఉంది.