శ్రీ ‘ఆరోగ్యానికి మంచిదట’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పనేముంది, తెల్లారకముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వు పక్కనే ప్రత్యక్షమవుతున్నారు కదా. నీళ్లు బాగా తాగండి, ఉప్పు తగ్గించండి, తెల్లన్నం మానేయండి, పండ్లు తొక్కతో తినండి, పీచు, పీచు, ఇంకా పీచు. కింద వరసగా దండాలు.

మీతో నాకో చిన్న పేచీ ఉంది. అల్సరేటివ్ కోలైటిస్ అని, పెద్దపేగు లోపల వాచి పుళ్లు పడే జబ్బు, దాని పుణ్యమా అని నాకు పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు కొసని బొడ్డుకి కుడిపక్కన కాస్త కిందుగా బయటికి తెచ్చి కుట్టి, దాని మీద బ్యాగు పెట్టారు. ఇలియోస్టమీ అంటారు లెండి. మీరు చెప్పేదంతా పెద్దపేగు ఉన్నవాళ్ల కోసమేనని మీ ఫార్వర్డుల్లో ఎక్కడా, కనీసం అడుగున చిన్న అక్షరాల్లోనైనా, రాయరేంటి సార్?

ముందు ఉప్పు సంగతి తేల్చుకుందాం. మిగిలిన నీళ్లనీ ఉప్పునీ ఒంట్లోకి వెనక్కి పీల్చుకోవడమే పెద్దపేగు అసలు ఉద్యోగం. అది లేదు కాబట్టి నాకవన్నీ తిన్నగా బ్యాగులోకే. బాగున్న రోజున అర లీటరు నుంచి ముప్పావు లీటరు వస్తుంది, తేడా చేస్తే లీటరున్నర దాటుతుంది. అలాంటి రోజున మీ మాట విని చెంబులకి చెంబులు మంచినీళ్లు తాగామా, పేగు ఒంట్లో ఉన్న ఉప్పుని కూడా లాగి ఆ నీళ్లతో పాటు బయటికి సాగనంపుతుంది, తాగేకొద్దీ దాహం, పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. కొబ్బరినీళ్లు తాగమంటారా? అందులో పొటాషియం దండిగా ఉంటుంది, నాకు కావాల్సిన సోడియం మాత్రం తక్కువ. నాకు పనికొచ్చేది లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా తూచి కలిపిన ద్రావణం. రుచి గురించి అడక్కండి. (బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు దీన్ని కూడా ఫార్వర్డ్ చేసుకుని మొదలెట్టకండి, మీ డాక్టర్‌ని అడగండి.)

మొన్న మా పెద్దమ్మ వచ్చింది. నేను మజ్జిగలో చెంచాడు ఉప్పు వేసుకోవడం చూసి డబ్బా లాక్కుంది.

“ఉప్పు విషంరా!”

“డాక్టరే వేసుకోమన్నాడు పెద్దమ్మా.”

“ఏం డాక్టరో ఏమో, గ్రూపులో ఏం వస్తోందో చూసుకోడా?”

చూశారా, మీ పలుకుబడి! పన్నెండేళ్లు చదివిన సర్జన్ కన్నా నిన్నటి మెసేజీకి విలువెక్కువ.

ఇక మీరు ఊరు దాటించిన తెల్లన్నం మా ఇంట్లో మహారాజు. మెత్తగా వండిన అన్నం, సగ్గుబియ్యం జావ, బాగా పండిన అరటిపండు, తొక్క తీసి ఉడికించిన బంగాళాదుంప, ఇవి తింటే బ్యాగులోకి వచ్చేది కాస్త చిక్కబడుతుంది. పాపం సగ్గుబియ్యానికి మీ గ్రూపులో ఒక్కరైనా దండం పెట్టారా? దాన్ని ఉత్త పిండి అని తీసిపారేశారు, నన్ను నిలబెడుతున్నది ఆ పిండే.

పీచుకి వద్దాం, మీ ముద్దుబిడ్డ. స్టోమా దగ్గర, అదే పేగు కొసని బయటికి తెచ్చి కుట్టిన చోట, దారి ఇరుకు. పచ్చికొబ్బరి, పల్లీలు, పుట్టగొడుగులు, నారింజ తొనల మీది పొర, మొక్కజొన్న గింజలు సరిగ్గా నమలకుండా దిగాయంటే అక్కడే కూర్చుంటాయి. కడుపు మెలిపెడుతుంది, బ్యాగు ఖాళీగా వేలాడుతుంది, వాంతులు కూడా మొదలైతే ఇక ఆసుపత్రికి పరుగే. అందుకే ఆపరేషన్ తర్వాత 6-8 వారాలు పీచు తగ్గించి, ఆ పైన ఒక్కో పదార్థం కొద్దికొద్దిగా మొదలుపెట్టి చూసుకోమంటారు. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు, అందరికీ కలిపి ఒకే మెసేజీ కొట్టే మీకు ఈ పద్ధతి బొత్తిగా నచ్చదనుకోండి. ములక్కాడ విషయంలో మాత్రం మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన ట్రైనింగ్ ఉంది, గుజ్జు పీల్చి పిప్పి కంచం పక్కన పెడతాం. నేనిప్పుడు బత్తాయి తొనలకీ అదే చేస్తున్నాను. పెళ్లి బంతిలో పక్కవాళ్లు వింతగా చూస్తారు, చూడనీ. వాళ్లు రెండో వడ్డనకి వెళ్లేసరికి నేనింకా మొదటి ముద్దే నములుతుంటాను.

గోంగూర గురించి మాత్రం మీరేమీ అనకండి. అది నా సొంత దుఃఖం. కాడలు లేకుండా ఆకు మాత్రమే మెత్తగా ఉడికించి, జల్లెడలో వడకట్టి, పప్పులో రెండు చెంచాలు కలిపి పెడుతోంది మా ఆవిడ. కారం కనపడదు, నార కనపడదు, పులుపు మాత్రం ఉంది. గుంటూరు వాడికి ఇది అవమానమేనని ఒప్పుకుంటాను, కానీ తింటున్నాను.

ఇట్లు,
మీ గ్రూపులో దండం పెట్టని ఒకే ఒక్కడు

తా.క.: పెద్దమ్మ మీ పేరు చెప్పి చేసి తెచ్చిన చిరుధాన్యాల లడ్డూలు డబ్బాతో సహా పక్కింటివాళ్లకి ఇచ్చేశాం. వాళ్ల పెద్దపేగులు భేషుగ్గా ఉన్నాయి.