బీరువాలో మగ్గుతున్న బోరు లెక్కలు

నల్గొండ పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది పటిక, సున్నం పుణ్యమా అని. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. ‘నల్గొండ టెక్నిక్’ టాంజానియా దాకా వెళ్లింది. మీ ఊరి నీళ్ల మీద ఎందరు పీహెచ్‌డీలు చేశారు, ఏం తేల్చారు అని మన జిల్లాలో ఫ్లోరైడ్ దెబ్బతిన్న మర్రిగూడలో అడిగి చూడండి. చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

యూనివర్సిటీ పరిశోధనను అందరికీ తెరిచి పెట్టాలన్న మాట కొత్తది కాదు. థీసిస్‌ల ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009లోనే రూల్ పెట్టింది. ఆ థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగ ఉంది. 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు కేంద్రం 6,000 కోట్లు ఒప్పుకుంది. మంచిదే. కానీ అది ప్రచురణకర్తల జర్నళ్లు కొనుక్కోవడానికి. మన పరిశోధన మన పక్క డిపార్ట్‌మెంటుకు చేరడం లేదు, అసలు లొల్లి అది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరోసిస్‌నే చూడండి. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ రోగుల మీద వ్యాసం వచ్చింది. డాక్టరుకు కనిపించేది ఎముక. అందులోకి ఫ్లోరైడ్ ఎట్లా చేరిందో చెప్పాల్సింది మన గ్రానైట్ రాయిని చదివినవాళ్లు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ఇంకో సంగతి బయటపెట్టారు: ఇక్కడి కుర్రాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని. నాగార్జునసాగర్ డ్యాము కింద భూగర్భజలం పైకొచ్చి, జొన్నలో చేరే ఖనిజాలు మారి, అది తిన్నవాళ్ల ఒంట్లో రాగి తగ్గుతోందేమోనని తర్వాత అనుమానించారు. ఒక్క అనుమానంలో డ్యాము, నేల, పైరు, తిండి, ఎముక అన్నీ ఉన్నాయి! చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోతుందని తేల్చిందీ ఆ సంస్థే. మన పచ్చిపులుసు గిన్నె ముందు కెమిస్ట్రీ, హోంసైన్స్, మెడిసిన్ కలిసి కూర్చోవాలి.

కూర్చుంటున్నాయా? మన వైపే ఒక యూనివర్సిటీలో చూశాను. నల్ల అట్ట, బంగారు అక్షరాల థీసిస్‌లు బీరువాలో వరుసగా ఉన్నాయి. తాళం అటెండర్ దగ్గర, అటెండర్ సెలవులో. ఆన్‌లైన్‌లో ఉంది కదా సార్ అన్నారు. ఉంది, స్కాన్ చేసిన పేజీలుగా. వందల బోర్ల లెక్కలున్న పట్టిక ఒట్టి బొమ్మ. అందులో ఒక్క అంకె వాడుకోవాలన్నా మళ్లీ చేత్తో టైపు చేసుకోవాలి. పైగా జియాలజీవాళ్లు ‘హైడ్రోజియోకెమిస్ట్రీ’ (భూగర్భజలాల రసాయనం) అని రాసింది, ‘ఫ్లోరోసిస్’ అని వెతికే డాక్టరుకు ఎట్లా దొరుకుతుంది? పీడీఎఫ్ ఎక్కించి చేతులు దులుపుకుంటే పంచుకున్నట్టు కాదు. లెక్కలు ఎక్సెల్‌లో, ఊరు పేరుతో, బోరు లోతుతో సహా పెట్టాలి.

ముందే బయటపెడితే ఎవరో కొట్టేస్తారని స్కాలర్ల టెన్షన్. న్యాయమే, పేపరు వచ్చేదాకా ఏడాదో రెండేళ్లో ఆపుకోనివ్వండి. రోగుల వివరాలు దాచాల్సిందే, అందులో రాజీ లేదు. పదేళ్ల కిందటి బోరునీళ్ల లెక్కలో మాత్రం దాచడానికి ఏముంది?

ఇంకా పెద్ద తాళం ఇంగ్లీషు. పాలమూరు యూనివర్సిటీ, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ నడిచేది ఈ జనం పన్నులతోనే. ప్రతి థీసిస్‌కు తెలుగులో రెండు పేజీల సారాంశం తప్పనిసరి చేస్తే ఖర్చేముంటుంది? అది ఊళ్లోవాళ్ల కోసమే అనుకోకండి. వేరే డిపార్ట్‌మెంటు ప్రొఫెసరుకు కూడా ఆ రెండు పేజీలే ముందు అర్థమవుతాయి. తన పనిని తెలుగులో చెప్పలేని స్కాలర్‌కు ఆ పని ఎంత అర్థమైందోనని నాకెప్పుడూ అనుమానమే.

మునుగోడు దాటాక ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి నన్ను చూసి యూనివర్సిటీ సారే అనుకున్నాడు. గారపట్టిన పళ్లు, పక్కకు తిరగని మెడ. ‘‘సీసాలల్ల నీళ్లు పట్టుకపోయిండ్రు, మూత్రం గూడ పట్టుకపోయిండ్రు సారూ. మా బోరుకు ఎంతొచ్చిందో గట్ల కాయితం మీద రాసియ్యరాదు?’’