సవరణ: 1098కి ఫోన్ చేయడానికి రుజువు అక్కర్లేదు

పిల్లల మీద వేధింపులు జరుగుతున్నాయని అనుమానమొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండని మొన్న రాశాను కదా, అది చదివి హన్మకొండ నుంచి కొందరు 'రుజువు లేకుండా చెప్తే మన మీదికి రాదా' అని అడిగారు, అందుకే ఆ ముక్క విడమరిచి రాస్తున్నా. రుజువు మీరు చూపించక్కర్లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందనిపించినా పోలీసులకు చెప్పాల్సిందే, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. పక్కింటి పాప ట్యూషన్ టైమయ్యేసరికి మెట్ల మీదే కూర్చుండిపోతూ, సార్ పేరెత్తగానే గౌను అంచు నలుపుతుంటే 'ఏమైంది బిడ్డా' అని మెల్లగా అడగండి, అంతే, గుచ్చి గుచ్చి వద్దు. పెద్దమనుషుల పంచాయితీ అసలే పెట్టొద్దు, పాప నోరు మూతపడేది అక్కడే. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదని కూడా చట్టంలోనే ఉంది, కాబట్టి పాప భయపడుతుందని ఆగకండి.