ఆకాశవాణికి ఒక శాంపిల్

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 నుంచి మన ఉత్తరాంధ్రకి పాటలు, పంటలు, వాతావరణం వినిపిస్తూనే ఉంది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పింది. వరికి ఏ మందు కొట్టాలో చెప్పింది. మన రక్తంలో ఏముందో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి వారికి ఒక ప్రతిపాదన పంపుతున్నాను. శ్రీకాకుళం జిల్లాలో ఒక పెద్దాసుపత్రి, అందులో రక్తం, మూత్రం, ఒంటి ముక్కలు పరీక్షించి జబ్బు ఏమిటో చెప్పే పాథాలజీ విభాగం, దాని చుట్టూ వారం వారం అరగంట హాస్య ధారావాహిక. ఏ ఆసుపత్రి అని అడక్కండి. ఎవరికి నచ్చింది వాళ్ళు ఊహించుకోవచ్చనే కదా రేడియో పెట్టింది.

ఇది నా బుర్రలో పుట్టిన వింతేం కాదు. బీబీసీ రేడియో 4 వాళ్ళు 2000ల్లో ఇలాంటి హాస్య నాటకాన్నే మూడు విడతలుగా నడిపారు. అయితే వాళ్ళకీ మనకీ ఒక తేడా ఉంది. ఇంగ్లండులో పాథాలజిస్టు అంటే శవపరీక్షలు కూడా ఆయన నెత్తినే ఉంటాయి. మన దగ్గర పోస్టుమార్టం ఫోరెన్సిక్ వాళ్ళ పని, చిన్న ఊళ్ళలో అయితే డ్యూటీ డాక్టరు పని. మన పాథాలజీ వాటాకి బతికున్నవాళ్ళే వచ్చారు. నాటకం రాసేవాడికి ఇంతకన్నా అదృష్టం లేదు. శవం ఎన్నడూ కౌంటర్ దగ్గరికొచ్చి "రిపోర్టు ఎప్పుడిస్తారు బాబూ?" అని అడగదు.

టీవీ ఉండగా రేడియో ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. పాథాలజీలో చూడ్డానికేముంది? తెల్ల గోడ, ఇనుప బల్ల, మూతలు పెట్టిన ట్యూబులు. రక్తకణాలు లెక్కపెట్టడానికి ఊదా మూత, షుగరుకి బూడిద రంగు మూత, రక్తం గడ్డకట్టే వేగం చూడ్డానికి నీలం మూత. చూస్తే అంతే. వింటే మాత్రం వేరే లోకం. రక్తం ట్యూబుల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ రొద, దాని మీద రబ్బరు స్టాంపు దెబ్బలు, దాని మీద టోకెన్ నెంబర్ల పిలుపు, ఆ పిలుపు వినబడక మూడు నెంబర్లు దాటిపోయినవాడి గోల. ముక్కలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ వాసన ఒక్కటే ప్రసారం చెయ్యలేం. కళ్ళమంట శ్రోతలే తెచ్చుకోవాలి.

రేడియోతో ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. దేశంలో కొన్ని వైద్య కళాశాలల్లో జీతాల పుస్తకంలో ఉండి గదుల్లో లేని ప్రొఫెసర్ల బెడద ఎంత ముదిరిందంటే, జాతీయ వైద్య కమిషన్ వాళ్ళు హాజరుని ఆధార్‌తో ముడిపెట్టాల్సి వచ్చింది. టీవీలో అయితే కుర్చీ ఖాళీ అని అందరికీ తెలిసిపోతుంది. రేడియోలో ఎవరూ కనబడరు కాబట్టి ఎవరూ గైర్హాజరు కారు. మా నాటకంలో విభాగాధిపతి పాత్ర మొదటి విడత అంతా ఒక దగ్గు, ఒక చెప్పుల చప్పుడు. ఆ రెండూ రికార్డు చేసి ఉంచుకుంటే చాలు, పారితోషికం కూడా మిగులుతుంది.

మొదటి భాగం రాసేశాను. రంగం: ఉదయం ఎనిమిది, కౌంటర్ దగ్గర తొక్కిసలాట. కాంట్రాక్టు టెక్నీషియన్ కుర్రాడు ఒక ముసలమ్మ చేతిలో ప్లాస్టిక్ డబ్బా పెట్టాడు. మూత్రంలో క్రిములుంటే పెంచి చూసే యూరిన్ కల్చర్‌కి ధార మధ్యలోది పట్టాలి, మొదట వచ్చేది వదిలెయ్యాలి. శాస్త్రం అదే, చర్మం మీది సూక్ష్మజీవులు మొదటి ధారతో పోతాయని. పుస్తకంలో ఒక్క వాక్యం. కౌంటర్ దగ్గర ఇలా ఉంటుంది.

"మామ్మా, మొదట కొంచెం వదిలెయ్యి. తర్వాతది పట్టు. చివర్లోది మళ్ళీ వదిలెయ్యి."

"ఏటి బాబూ?"

"మొదట వదిలెయ్యమన్నాను!"

"ఏటొదిలెయ్యాల? గట్టిగా సెప్పు నాయనా, సెవులు ఇనబడవు."

కుర్రాడు గట్టిగా చెప్పాడు. ఎంత గట్టిగా అంటే ఎక్స్‌రే వరుసలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ముసలమ్మ డబ్బా వైపు ఒకసారి, కుర్రాడి వైపు ఒకసారి చూసింది.

"మద్దిలో ఆపమంటే ఆగడానికి అదేటి కుళాయా బాబూ? ఆపుకోలేకే గదా నానిక్కడికొచ్చినాను."

వైద్యశాస్త్రం దగ్గర దీనికి జవాబు లేదు. ముసలమ్మ వెళ్ళింది, గాజు టానిక్ సీసాలో ఇంటి దగ్గర పట్టి తెచ్చినదే డబ్బాలోకి వంపి ఇచ్చింది. టానిక్ సీసా లేబులు మీద తియ్యటి మామిడిపండు బొమ్మ. రిపోర్టులో ఏమొస్తుందో రెండో భాగానికి ఉంచాను.

ప్రతి హాస్య ధారావాహికకీ ఒక ఊతపదం కావాలి. చిన్నక్క, ఏకాంబరం మాట్లాడే కార్మికుల కార్యక్రమం వింటూ పెరిగిన తరానికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా నాటకానికి ఊతపదం వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది, రిపోర్టు అడుగునే అచ్చేసి ఉంది: "క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోగలరు." అంటే మైక్రోస్కోపులో మాకు కనబడింది మేం చెప్పాం, మనిషిని మీరు చూశారు, రెండూ కలిపి చూసుకోండి అని. ఇది తప్పించుకునే మాట కాదు, నిజాయితీ మాటే. గాజు పలక మీద ముక్క చూసి మనిషి మొత్తాన్ని తేల్చకూడదని పాథాలజిస్టుకి తెలుసు. కానీ ఇంత మంచి మాటని ఒక్క వృత్తికే వదిలేస్తే ఎలా? మా నాటకంలో క్యాంటీన్ కుర్రాడు కూడా టీ గ్లాసు పెట్టి "పంచదార వేశానో లేదో కోరిలేట్ చేసుకోండి" అంటాడు. లిఫ్ట్ దగ్గర బోర్డు మీద కూడా అదే ఉంటుంది.

మిషన్ పాడైన భాగం గురించి రేడియో వారికి ఒక మనవి. మీ ప్రసారం ఒక్క నిమిషం ఆగితే "అంతరాయానికి చింతిస్తున్నాం" అంటారు. ల్యాబులో రక్తం పరీక్షించే మిషన్, అంటే అనలైజర్, ఆగిపోతే దాని మీద తెల్ల కాగితం పడుతుంది, "మిషన్ పని చేయుట లేదు" అని. ఆ కాగితాన్ని అతికించేది డ్రెస్సింగ్ రూమ్ నుంచి తెచ్చిన ప్లాస్టరుతో. గాయానికి వెయ్యాల్సిన ప్లాస్టరు, వేసింది మిషన్‌కి. ఇందులో నేను కల్పించిందేమీ లేదు కాబట్టి హాస్యం అనవచ్చో లేదో నాటక విభాగం వారే తేల్చాలి.

ఇక విడాల్ భాగం. దీనికి నేను గంట సమయం అడుగుతున్నాను. ఫెర్నాండ్ విడాల్ అనే ఫ్రెంచి డాక్టరు 1896లో టైఫాయిడ్‌కి ఈ పరీక్ష కనిపెట్టాడు. అప్పటికి పక్కనే విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడి నాలుగేళ్ళు. కన్యాశుల్కం అనే దురాచారం పోయింది, పరీక్ష మాత్రం నిలిచింది. రోగి రక్తం పైన తేరిన నీటిలో (సీరమ్) చంపిన టైఫాయిడ్ క్రిములున్న చుక్క (యాంటిజెన్) కలిపితే గుంపులు కడుతుందా లేదా అని చూస్తారు. పాత జ్వరం తాలూకు జ్ఞాపకానికీ గుంపులు కడుతుంది, టీకా వేయించుకున్నా కడుతుంది, వేరే జ్వరాలకీ ఒక్కోసారి కడుతుంది. అందుకే ఒక్కసారి చేసిన విడాల్‌ని నమ్మకూడదని, అసలు రోగక్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయాలని వైద్య పుస్తకాలు చెబుతాయి. కల్చర్‌కి రోజులు పడుతుంది. మన దగ్గర జ్వరం వచ్చిన మనిషికి సాయంత్రంలోగా పేరున్న జబ్బు కావాలి. పేరు లేని జ్వరంతో ఇంటికెళితే ఇంట్లో ఎవరూ గౌరవించరు. విడాల్ ఆ గౌరవం ఇస్తుంది. "నాకు టైఫాయిడ్" అనగానే కొబ్బరిబొండాలు వస్తాయి, చుట్టాలు వస్తారు. మా నాటకంలో ఒక కుటుంబంలో తాతకి, కొడుక్కి, కోడలికి, ఆఖరికి జ్వరమే లేకుండా తోడుగా వచ్చిన బావమరిదికి కూడా టైఫాయిడ్ వస్తుంది. బావమరిది మొదట మొహమాటపడతాడు, తర్వాత బొండాం తాగుతాడు.

సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన అసలు మలేరియా మనిషి మాత్రం అదే వరుసలో వెనకాల వణుకుతూ ఉంటాడు. గాజు పలక మీద రక్తం పూత పూసి, రంగు వేసి, కళ్ళు చిట్లించి వెతికితే పరాన్నజీవి కనబడుతుంది. దానికి వెతికే మనిషి కావాలి. ఆ రోజు ఆయన డెప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు.

ప్రాయోజకుల గురించి దిగులు లేదు. తొమ్మిదివందల తొంభై తొమ్మిదితో ముగిసే ధరలకి ఒళ్ళంతా పరీక్ష చేస్తామనే ల్యాబులు ఊరి నిండా బోర్డులు కట్టాయి. ఇందులో ఉన్న చమత్కారం శ్రోతలకి చెప్పి తీరాలి. నార్మల్ అని రిపోర్టులో వేసే హద్దు ఎలా వస్తుంది? మామూలుగా ఆరోగ్యవంతుల్లో 100కి 95 మంది ఎక్కడ పడతారో అది. మిగిలిన ఐదుగురికీ జబ్బేమీ ఉండదు, గీత బయట నిలబడ్డారంతే. అంటే ఎంత గట్టి మనిషికైనా ఇరవై పరీక్షలు చేస్తే ఏదో ఒకటి హద్దు దాటి మందపాటి అక్షరాల్లో రావడానికే అవకాశం ఎక్కువ. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకి హద్దు 40 శాతం అనుకుంటే 41 వచ్చినవాడి పక్కన "హెచ్" అని పడుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోరు. మర్నాడు మళ్ళీ పరీక్ష. ఇంతకన్నా మంచి వ్యాపారం జీడిపప్పులో కూడా లేదని పలాసవాళ్ళే ఒప్పుకుంటారు.

ఇంతకీ ఆ రిపోర్టు ఎవరు చదువుతారు? నా ప్రతిపాదనకి అసలు కారణం ఇదే. మొదట చదివేది ఆటో డ్రైవరు, "హెచ్" అంటే హై అని ఆయనకి తెలుసు. తర్వాత మందులషాపు కుర్రాడు. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ, ఆయన తల పంకించే తీరులోనే సెలైన్ ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత హైదరాబాదులో ఉన్న మేనల్లుడు, వాట్సాప్‌లో ఫొటో చూసి గూగుల్‌ని అడిగి భయపెడతాడు. చివరికి డాక్టరుగారు కాగితం ఒకసారి తిరగేసి "పరవాలేదు, వాడండి" అంటారు. ఓపీలో ఆయన వెనక ఇంకా వంద మంది ఉంటారు, ఆయన్ని అనడానికి లేదు. రక్తం పరీక్షించిన పాథాలజిస్టుని రోగి జన్మలో చూడడు. రోగి ఎవరో పాథాలజిస్టుకీ తెలీదు, ట్యూబు మీద నెంబరు తప్ప. ఎవరి రక్తమో ఆ మనిషికి తప్ప ఊరందరికీ విషయం తెలుస్తుంది. ఈ ఇద్దర్నీ ఒక్కసారైనా మాట్లాడించే చోటు ఏదైనా ఉందంటే అది రేడియో స్టూడియోనే. ఏడో భాగంలో ముసలమ్మ దారి తప్పి మైక్రోస్కోపు గదిలోకి వస్తుంది. పాథాలజిస్టు కంగారుపడి లేచి నిలబడతాడు. ఎదురుగా బతికున్న రోగి ఉంటే ఏం మాట్లాడాలో చదువులో చెప్పలేదు మరి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మీద ఒక భాగం పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే సీరమ్ క్రియాటినిన్ గురించి బడి మొహం చూడనివాళ్ళు కూడా దశాంశాలతో మాట్లాడతారు. "ఎంతొచ్చింది?" "రెండు పాయింటు ఆరు." "పోయినసారి?" "ఒకటి పాయింటు తొమ్మిది." అవతలివాడు ఇంకేమీ అడగడు. హద్దు 1.2 దగ్గరెక్కడో ఉంటుందని, అది దాటితే కిడ్నీ సంగతేమిటో అక్కడ అందరికీ తెలుసు. రిపోర్టు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేని చోటు జిల్లాలో ఇదొక్కటే. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నీళ్ళు సుమారు 700 కోట్లతో గొట్టాల్లో తెచ్చారు. నీళ్ళ వల్లో, ఎండలో పని వల్లో, పురుగుమందుల వల్లో, అన్నీ కలిసో, అసలు కారణం మాత్రం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు.

ఇందులో హాస్యం ఎక్కడుంది అంటారు. ఎన్నెన్నో బృందాలు వచ్చాయి కదా, నీళ్ళు తీసుకున్నాయి, మట్టి తీసుకున్నాయి, రక్తం తీసుకున్నాయి. మా నాటకంలో ఒక కొబ్బరితోట రైతు ఉంటాడు. జీపు చప్పుడు వినబడితే చాలు, ఎవరొచ్చారని అడక్కుండా చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. ఒకసారి వచ్చింది బ్యాంకువాళ్ళు, అప్పు గురించి. అయినా చెయ్యి చాపాడు. "తీసుకోండి బాబూ, ఎలాగూ తీసుకోడానికే గదా వస్తారు."

బ్యాంకువాళ్ళ డైలాగు ఇంకా రాయలేదు. వాళ్ళు అక్కడ ఏమంటారో నాకు తోచలేదు.

వైద్యులు బాధపడతారేమో అనే అభ్యంతరం రావచ్చు. స్క్రిప్టు కొన్ని పేజీలు ఒక ల్యాబు టెక్నీషియన్‌కి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. "ఇందులో రీజెంట్ అయిపోయిన భాగం లేదేంటండీ?" అన్నాడు. రీజెంట్ అంటే పరీక్షకి వాడే రసాయనం. ఆ భాగం ఇప్పుడు చేర్చాను, నిడివి పెరిగింది.

ప్రసార సమయం గురించి ఒక్క మాట. ఉదయం ఏడున్నర స్లాటు ఇస్తామంటే వద్దనే అంటాను. ఆ వేళకి మా శ్రోతలందరూ ఫాస్టింగ్ షుగర్ వరుసలో ఖాళీ కడుపుతో నిలబడి ఉంటారు, నవ్వే ఓపిక ఉండదు. తిన్నాక రెండు గంటలకి ఇచ్చే శాంపిల్ కోసం పదింటికి వేపచెట్టు కింద కూర్చుంటారు గానీ అప్పుడు వాళ్ళ దృష్టంతా గడియారం మీదే. మధ్యాహ్నం రెండున్నర అయితే బాగుంటుంది. అప్పటికి కౌంటర్ మూసేస్తారు, రేపు రమ్మన్నవాళ్ళందరూ ఆమదాలవలస బస్సు కోసం తీరిగ్గా ఎదురుచూస్తుంటారు.