సప్పుడు లేని దొరకు బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ సీక్వెన్సర్ దొరగారి సముఖానికి,

మీ బాంచ దండం పెట్టి రాసుకునే విన్నపం ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని తలుస్తాను. నెల రోజులుగా మీ మీద కప్పిన తువ్వాలు ఎవరూ తీయలేదు కాబట్టి తమకొచ్చిన కష్టమేమీ ఉండదు.

తమరు మా గడప తొక్కిన రోజు నాకింకా గుర్తే. బీట్లు చేద్దామని బుద్ధి పుట్టిన దగ్గర్నుంచి ఏడాదిన్నర పాటు ఒకటే గోల. శబ్దాన్ని పట్టి దాచి వాయించే శాంప్లర్ కొనాలా, దెబ్బల్ని వరసలో నడిపే సీక్వెన్సర్ కొనాలా? రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు. ఆ ఏడాదిన్నరలో నేను చేసిన బీట్లు సున్నా, పోల్చి చూసిన పెట్టెలు 40 పైనే. ఒక ఎక్సెల్ షీట్ కూడా ఉండేది. అందులో "బ్యాటరీతో నడుస్తుందా" అని ఒక కాలమ్. నేను ఇల్లు కదిలే మనిషిని కాదు, అయినా ఆ కాలమ్ ఉండేది. చివరికి మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే సిగ్గేస్తుంది గానీ, దొర దగ్గర దాపరికం దేనికి? మీకు లైట్లు ఎక్కువ.

పెట్టె విప్పి, అమ్మతో పసుపు కుంకుమ పెట్టించి, స్విచ్ వేశాను. 16 బటన్లు ఎడమ నుంచి కుడికి ఒకదాని వెంట ఒకటి ఎర్రగా వెలుగుతూ ఉరికాయి. అమ్మ ముచ్చటపడింది. నాన్న కళ్ళజోడు వెతుక్కుని మరీ వచ్చాడు. ముగ్గురం చాలాసేపు వినాయకుడి మండపం ముందు నిలబడ్డట్టు అలాగే చూశాం.

"సప్పుడేదిరా?" అన్నాడు నాన్న.

వాల్యూమ్ నాబ్ కోసం వెతికాను. లేదు. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం కోసం వెతికాను. అదీ లేదు. మిమ్మల్ని తిరగేసి, బోర్లించి, చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశాను. ఆ పూట నేను చేసిన పనుల్లో కనీసం మూడు ఎవరికీ చెప్పుకోలేనివి.

మా బస్తీలో పెళ్లి ఆర్కెస్ట్రాలకు రిథమ్ ప్యాడ్ వాయించే అన్న ఒకాయన ఉన్నాడు. వీడియో కాల్ చేసి మిమ్మల్ని చూపించాను. ఆయన ఒక్క చూపులో తేల్చేశాడు. "తమ్మీ, ఇది వాయించదు. వాయించుమని చెప్తది."

అప్పుడు తెలిసింది తమరి వైభవం. తమరి పని ఫర్మానాలు జారీ చేయడం. "36వ నంబరు నోటు, 100 బలంతో, 10వ చానెల్ వాళ్ళు కొట్టవలెను" అని మిడి కేబుల్ గుండా హుకుం పంపుతారు. మిడి అంటే సంగీతపు పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. అవతల డ్రమ్ మెషినో, కరెంటుతో స్వరాలు పుట్టించే సింథో, శాంప్లరో ఉంటే అది కిక్కు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, కొడుతుంది. ఎవరూ లేకపోతే ఆ హుకుం వైరు చివర రాలిపోతుంది. 1983లో ఈ మిడి పద్ధతి వచ్చినప్పుడు ఒక్క తీగ మీద 16 చానెళ్ళు ఇచ్చారు, అంటే తమరు 16 మంది పనివాళ్ళను ఒకేసారి తోలగలరు. మా ఇంట్లో ఆ రోజు ఒక్కడు కూడా లేడు. గడీ ఉంది, దొర ఉన్నాడు, కచేరీ నడుస్తోంది, ఊళ్ళో జనం లేరు.

తమరి వంశం చిన్నదేం కాదని నాకు తెలుసు. 1977లో జపాన్ రోలాండ్ కంపెనీ వాళ్ళు ఎంసీ-8 అని ఒక పెద్దాయన్ని దింపారు. ఆయన దగ్గర పాట కట్టాలంటే క్యాలిక్యులేటర్‌లో లెక్కలు కొట్టినట్టు ఒక్కో స్వరాన్నీ అంకెల్లో కొట్టాలి. సంగీతాన్ని జమాబందీలా రాయించుకున్నాడన్నమాట. 1980లో వాళ్ళదే టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్ వచ్చింది. 16 బటన్ల వరస అందరి కళ్ళకూ అలవాటైంది దానితోనే. కానీ దొరా, ఒక తేడా గమనించారా? 808కి గొంతు ఉంది. లోపల అనలాగ్ సర్క్యూట్లతో తన కిక్కు తానే కొట్టుకునేది. మీ పెద్దలు కొందరు పనిలో చేతులు కూడా పెట్టేవారు. తమరు మాత్రం మడి కట్టుకుని కూర్చున్నారు.

ఇంతకూ నా మొదటి ప్రశ్నే తప్పట. శాంప్లరా సీక్వెన్సరా అని ఏడాదిన్నర గింజుకున్నాను గానీ, ఆ రెంటికీ 1980ల్లోనే పెళ్లి చేసేశారు. రోజర్ లిన్ అనే అమెరికన్ 1980లో ఎల్ఎమ్-1 చేశాడు. నిజం డ్రమ్ముల శబ్దాన్ని రికార్డు చేసి డిజిటల్ చిప్పుల్లో దాచి వాయించిన మొదటి డ్రమ్ మెషిన్ అది. ఆ తర్వాత ఆయన సొంత కంపెనీ మూతపడింది. జపాన్ అకాయ్ కంపెనీతో కలిసి 1988లో ఎంపీసీ60 తెచ్చాడు. శబ్దాన్ని పట్టే శాంప్లరూ, దాన్ని వరసలో నడిపే సీక్వెన్సరూ, వేళ్ళతో వాయించే 16 రబ్బరు ప్యాడ్లూ, అన్నీ ఒకే పెట్టెలో.

ఈ సంగతి నాన్నకు చెప్పబోయాను. "ఎంపీసీ ఉంటే చాలట నాన్నా" అన్నాను.

"ఇంటర్‌ల చదివినవు గదరా ఎంపీసీ. గప్పుడే ఏం పీకలేదు" అన్నాడు.

అది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కాదని, మిడి ప్రొడక్షన్ సెంటర్ అని వివరించాను. ఫీజు ఎంత అన్నాడు. చెప్పాను. కాలేజీదే నయం అన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న శాంప్లర్ దొరికింది, దానితో సరిపెట్టుకున్నాను. అందులో కూడా ఒక సీక్వెన్సర్ ఉంది. అవును దొరా, మీకు చెప్పకుండా దాచాను. ఈ రోజుల్లో కొత్తగా వచ్చే శాంప్లర్లలో సీక్వెన్సర్ లేనిది వెతికినా దొరకడం కష్టం. విడిగా తమరి లాంటి వారి అవసరం ఎవరికంటే, ఇంట్లో ఇప్పటికే మూడు నాలుగు సింథులుండి, వాటిని ఒక్క తాటి మీద నడపలేక తలపట్టుకున్నవాడికి. మొదటి పెట్టె కొనేవాడికి తమరు పల్లకి లాంటివారు, మోసే బోయీలను విడిగా కొనుక్కోవాలి.

సరే, తమరిని అవమానించకూడదని ఇద్దరినీ కలుపుదామనుకున్నాను. తమరికేమో 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్, శాంప్లర్‌కూ అదే. తీగ పెట్టాను. నిశ్శబ్దం. తీగ మార్చాను. నిశ్శబ్దం. రెండ్రోజుల తర్వాత తెలిసింది, చూడ్డానికి ఒకేలా ఉండే ఆ జాక్‌లో టైప్ ఏ అని, టైప్ బీ అని లోపలి తీగల అమరికలు రెండు రకాలని. 2018లో టైప్ ఏని ప్రమాణంగా ఖాయం చేశారు. తమరు అంతకుముందే పుట్టారు, కాబట్టి బీ. ఒకే కులం, శాఖాభేదం, సంబంధం కుదరదు. మార్పిడి తీగ తెప్పించడానికి ఇంకో పది రోజులు.

ఆ పది రోజులూ శాంప్లర్‌తో ఒంటరిగా గడిపాను. అక్కడే నా మనసు మారింది దొరా, మన్నించాలి. ఈ శాంప్లర్ జాతికి పెద్ద తెలివితేటలు లేవు. విన్నది విన్నట్టు అప్పజెబుతుంది, అంతే. జ్ఞాపకశక్తి కూడా పూర్వం అంతంతమాత్రమే. 1987లో వచ్చిన ఇ-ము కంపెనీ శాంప్లర్ ఎస్పీ-1200 మొత్తం గుర్తుపెట్టుకోగలిగింది 10 సెకన్లు. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటరాదు. అందుకని బీట్లు కట్టే న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్ళు ఏం చేశారంటే, 33 స్పీడులో తిరగాల్సిన ఎల్పీ రికార్డును 45లో తిప్పి, గబగబా శాంపిల్ చేసి, లోపలికెళ్ళాక మళ్ళీ నెమ్మది చేశారు. చోటు కలిసొచ్చింది. దాంతోపాటు శబ్దం గరగరలాడింది. ఆ గరగర కోసమే ఇవాళ జనం ఆ పాత పెట్టెకు ఆస్తులు రాసిస్తున్నారు. ఇరుకింటి కాపురం లోంచి పుట్టిన రుచి అది. తమరి లాంటి విశాలమైన గడీల్లో పుట్టదు.

మార్పిడి తీగ వచ్చిన వారమే బోనాలు. మా బస్తీలో డప్పు కొట్టే తాత ఉన్నాడు. గుడి వెనకాల గడ్డిమంట మీద డప్పు కాగబెడుతుంటే వెళ్ళి అడిగాను. ఏ లోకాన ఉన్నాడో, కొట్టమంటే కొట్టాడు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల. మైకు పట్టుకున్న నా చెయ్యి అదిరింది.

ఇంటికొచ్చి తాత దెబ్బల్ని విడివిడిగా కోశాను. సిర్ర దెబ్బ ఒక ప్యాడ్ మీద, సిటికెన పుల్ల చిటపట ఒక ప్యాడ్ మీద, అంచు మీద కొట్టింది ఇంకో దాని మీద. అప్పుడు తమరిని పిలిచాను. తువ్వాలు తీసి, తుడిచి, గౌరవంగా పిలిచాను. తమరు 16 గళ్ళలో ఎక్కడ ఏది పడాలో ఆజ్ఞాపించారు, శాంప్లర్ వాయించింది. ఇంట్లో మొదటిసారి తమరి వల్ల సప్పుడు పుట్టింది. అమ్మ టీవీ కట్టేసి విన్నది. నాకు గర్వంగా ఉండింది. మరునాడు రెండు పెట్టెలూ సంచిలో వేసుకుని వెళ్ళి తాతకు వినిపించాను.

తాత చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "డప్పు నాదే బిడ్డా" అన్నాడు. "దెబ్బ నాది గాదు."

"మరెవరిది తాతా?"

"ఏమో. పోలీసోళ్ళ కవాతు లెక్కున్నది."

తప్పు తమరిదే దొరా. తమరి లెక్కలో ఒక్కో బీటుకు నాలుగు గళ్ళు, నాలుగు బీట్లకు 16. అంటే చతురశ్రం. తాత నడక తిశ్రం, బీటు మూడు ముక్కలవుతుంది. మూడో ముక్కను తమరు దగ్గరున్న గడిలోకి ఈడ్చుకెళ్ళి పడేశారు. దాన్నే మీ భాషలో క్వాంటైజ్ అంటారు, మా భాషలో చెవి మెలిపెట్టడం అంటారు. రోజర్ లిన్ దీనికో మందు కూడా పెట్టాడు, స్వింగ్ అని. జంటలో రెండో దెబ్బను కాస్త ఆలస్యం చేయడం. 50 దగ్గర పెడితే నిటారు నడక, 66 దగ్గర పెడితే ఇంచుమించు తిశ్రం. తమరిలోనూ ఆ నాబ్ ఉంది. అది తిప్పాను. గళ్ళు 16 తీసేసి 12 పెట్టి కూడా చూశాను. తాత మళ్ళీ విన్నాడు.

"ఇప్పుడు నడుస్తున్నడు. గని కుంటుతున్నడు."

అమెరికాలోని డెట్రాయిట్‌లో జె డిల్లా అని బీట్లు కట్టే ఒకాయన ఉండేవాడు. ఎంపీసీ3000 మీద దెబ్బల్ని గీతకు ఒక వెంట్రుకవాసి ముందూ వెనకా వేసేవాడు. తాగినవాడు నడిచినట్టుంటుంది, పడిపోడు. ఆయన పోయాక ఆ పెట్టెను తీసుకెళ్ళి వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రకు కట్టిన స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టారు. మ్యూజియంలో పెట్టింది పెట్టెనే గానీ బొటనవేలిని పెట్టలేరు కదా. ఆయన పేరు తాతకు చెప్పలేదు, చెబితే "ఆడెవడు?" అనేవాడు.

చివరికి తమరి తీగ పీకేశాను. తాత దరువును కోయకుండా, మొత్తం అలాగే ఒక్క ప్యాడ్ మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. తాత తల ఊగింది. "గిది నేనే" అన్నాడు. నా ఏడాదిన్నరకు సమాధానం దొరికిందని నేను లోలోపల పొంగిపోతున్నాను. ఆ ముక్క తిరిగి తిరిగి ఎనిమిదోసారి వస్తుండగా తాత నా చేతి మీద చరిచాడు.

"ఊకె గదే ఏందిరా? గిట్ల కొడితే ఎవ్వలకు పూనకమొస్తది?"

అదీ నిజమే. ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు, ఎత్తుకునే దరువు వేరు, నడిపించే దరువు వేరు, ఉరికించే దరువు వేరు, ఇడిసిపెట్టే దరువు వేరు అని. నాలుగూ కొట్టి ఇచ్చాడు. నాలుగు ప్యాడ్లు నిండాయి. ఎప్పుడు ఏది నొక్కాలో ఎదుటి మనిషి మొహం చూసి తెలుసుకోవాలట. తమరికి ఆ నాబ్ లేదు, శాంప్లర్‌కూ లేదు.

లేవబోతుంటే చెయ్యి చాపాడు. "నాలుగు దరువులకు నాలుగు నూర్లు." అమెరికాలో ఈ ముక్క తేలడానికి 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. అనుమతి లేకుండా శాంపిల్ వాడిన కేసులో జడ్జి గారు "దొంగిలించరాదు" అనే బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టారు. గుడి అరుగు మీద అర నిమిషంలో తేలిపోయింది. ఐదు వందలిచ్చాను, చిల్లర లేదన్నాడు.

ఇక అసలు విన్నపం. తమరిని అమ్మకానికి పెట్టాను. కోపగించుకోవద్దు, మంచి ఫొటోలే పెట్టాను, లైట్లన్నీ వెలుగుతున్నప్పుడు తీసినవి. నిన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం చూస్తే ఏడాదిన్నర వీడియోలు చూసినవాడని తెలిసిపోయింది. "అన్నా, లైట్లు మస్తున్నయ్. దీంట్ల సౌండ్లు ఎన్ని ఉంటయ్?" అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించాను దొరా. నిజం చెప్పాను. పెట్టేశాడు.

ఇట్లు,
తమరి బాంచ

తాజా కలం: వోల్టులూ, ప్లస్ మైనస్సులూ సరిచూశాక తమరి అడాప్టర్ శాంప్లర్‌కు సరిగ్గా సరిపోయింది. పొద్దుటి నుంచి తమకు కరెంటు లేకపోవడానికి కారణం అదే.