ఒక కంప్యూటర్లో ఒకే సైట్ నడుస్తుందని ఈ పిల్లోళ్లకు చెప్పినోళ్లు ఎవరు?

ఇప్పుడే ఆదోని పెద్దాయనను బస్సెక్కించి వచ్చి కూర్చున్నా. ఒళ్లంతా మంట. ఇది రాయకుండా పడుకుంటే ఈ రాత్రి నిద్ర పట్టదు.

ఆయనది ఆదోనిలో విత్తనాల అంగడి. మేం చేసిచ్చిన సైట్ పోయిన గురువారం జనంలోకి వచ్చింది. నిన్న ఇంటికి వియ్యంకుల తరఫు వాళ్లు వస్తే, ఫోన్ తీసి "ఇదిగో మన అంగడి" అని చూపించినాడు. మొదటి పేజీ బాగానే వచ్చింది. పత్తి విత్తనాల బొమ్మ మీద వేలు పెడితే తెల్ల పేజీ, సైట్ దొరకలేదని. కంది మీద నొక్కినా అదే. ఆముదాల మీద నొక్కినా అదే. అంతమంది ముందర. ఈ పొద్దు బస్సెక్కి కర్నూలు వచ్చి, ఫోన్ నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట అడిగినాడు: "దుడ్లు తీసుకుంటివి కదప్పా, అంగడికి వాకిలి పెట్టేది మరిచిపోతివా?"

గట్టిగా అరిచింటే ఇంత బాధ ఉండేది కాదు. మెల్లగా అడిగినాడు.

చూస్తే పేజీలోని లింకులన్నీ లోకల్‌హోస్ట్ స్లాష్ సీడ్స్ అని ఉన్నాయి. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1, అంటే ఏ మెషిన్‌లో నొక్కితే ఆ మెషినే. మా ఆఫీసు కంప్యూటర్లో నొక్కితే మా కంప్యూటర్. పెద్దాయన ఫోన్‌లో నొక్కితే ఆ ఫోన్. పాపం ఆ ఫోన్ తన కడుపులోనే విత్తనాల అంగడి కోసం వెతుక్కుంటా ఉండాది. మా ఆఫీసులో అన్ని లింకులూ పనిచేసినాయి కాబట్టి ఈ సైట్ చేసిన మా ఆఫీసు పిల్లోడు అంతా సరిగ్గా ఉందనుకున్నాడు. సైట్ పంపేముందు నేనూ ఆఫీసు కంప్యూటర్లోనే చూసినా, ఫోన్‌లో చూడలేదు. అది నా తప్పే. పెద్దాయనకు ఆ మాటే చెప్పి క్షమాపణ అడిగినా.

అయితే నా కోపం పిల్లోడి మీద కాదు. రెండు నెలల కింద చేరినాడు. పత్తికొండ పక్క పల్లె. డిగ్రీ అయిపోయింది, బుర్ర మంచిది, రాత్రి తొమ్మిదైనా కుర్చీ దిగడు. "ఎందుకురా ఇట్ల చేసినావు" అంటే వాడు చెప్పిన జవాబు వినండి. "అన్నా, ఒక సిస్టంలో ఒకే సైట్ నడుస్తుందని మాకు చెప్పినారు. ఎక్కువ సైట్లుంటే హెచ్‌టీడాక్స్‌లో ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ చేసుకోమన్నారు." హెచ్‌టీడాక్స్ అంటే సర్వర్, అంటే పేజీలు తీసిచ్చే ప్రోగ్రాము, మన కంప్యూటర్లో పేజీలు వెతికే మొదటి ఫోల్డర్. వాడు అందులో సీడ్స్ అని ఒక ఫోల్డర్ చేసి, ఆ దారినే లింకుల్లో రాసేసినాడు.

ఒక కంప్యూటర్ సెంటర్లో నాలుగు నెలల కోర్సు. ఇరవై రెండు వేల ఫీజు. వాళ్ల నాయన ఉల్లిగడ్డలు అమ్మిన దుడ్లు అవి. కర్నూలు మార్కెట్లో ఉల్లి అమ్ముకోవడమంటే ఏమో మీకు నేను చెప్పాల్నా? రాత్రంతా బస్తాల పక్కన పడుకొని, పొద్దున వేలంలో వచ్చిన రేటు చూసి నోరు మూసుకొని ఇంటికి పోయేవాళ్లు. ఆ దుడ్లు తీసుకొని ఆ పిల్లోడికి నేర్పింది ఒక అబద్ధం.

ఒక మెషిన్‌లో ఒకే సైటా? 1997లో హెచ్‌టీటీపీ 1.1, అంటే బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే కట్టుబాటు, ఎప్పుడు వచ్చిందో ఆ పొద్దే ఆ మాటకు కాలం చెల్లింది. బ్రౌజర్ ఏ పేజీ అడిగినా, "నాకు ఫలానా పేరున్న సైట్ కావాల" అని హోస్ట్ అనే వరసలో పేరు చెప్పి తీరాలని అందులోనే రాసినారు. సర్వర్ ఆ పేరు చూస్తుంది, ఆ పేరుకు ఏ ఫోల్డర్ రాసిపెట్టినామో అందులోంచి తీసిస్తుంది. మనం హోస్టింగ్ కొన్నప్పుడు ఒకే ఐపీ అడ్రస్ మీద వందల సైట్లు నడిచేది ఇట్లనే. బల్ల మీదున్న మామూలు కంప్యూటర్లో జాంప్ అనే ప్యాకేజీ వేసుకున్నా అందులో ఉండేది అదే అపాచీ సర్వర్, అదే పని. పది సైట్లు పెట్టుకో, యాభై పెట్టుకో, దానికేం బరువు లేదు.

ఫోల్డర్లుగా పెడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదా? తెలియకుంటే బోర్డు ఎందుకు పెట్టినట్టు? బొమ్మకు ముందర స్లాష్ పెట్టి దారి రాస్తే అది హెచ్‌టీడాక్స్ మొదట్లోకి పోతుంది, బొమ్మ కనపడదు. కనపడలేదని పిల్లోడు దారిలో ఫోల్డర్ పేరు కలిపి రాస్తాడు. అది అసలు సర్వర్ ఎక్కినాక అక్కడ ఆ ఫోల్డర్ ఉండదు, మళ్లీ కనపడదు. ఇంతకన్నా ఘోరం కుకీలది, అంటే మనం లాగిన్ అయినామని గుర్తుకు బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీలది. లోకల్‌హోస్ట్ కింద ఎన్ని ఫోల్డర్లున్నా బ్రౌజర్‌కు అది ఒకటే సైట్. పోయిన నెల మేం ఒక స్కూలు సైటూ, ఒక కల్యాణ మండపం సైటూ పక్కపక్కన చేస్తా ఉంటిమి, రెండూ పీహెచ్‌పీ అనే కోడు భాషలో. వీడు మండపం సైట్లో అడ్మిన్‌గా లాగిన్ అయి, స్కూలు సైట్ తెరిస్తే అక్కడా అడ్మిన్‌గా లోపలికి తీసుకుపోయింది! ఎందుకంటే పీహెచ్‌పీ సెషన్ కుకీ మామూలుగా ఆ పేరు మొత్తానికి పనిచేస్తుంది, ఫోల్డర్‌ను పట్టించుకోదు. లాగిన్ అయినోళ్లను గుర్తుపెట్టుకోవడానికి రెండు సైట్లలోనూ వాడు సెషన్‌లో ఒకే పేరు వాడినాడు. స్కూలు లాగిన్ పేజీ సరిగ్గా పనిచేస్తుందా లేదా అని వాడు వారం రోజులు పరీక్ష చేయనే లేదు, ఎందుకంటే వాడికి ఆ పేజీ కనపడనే లేదు.

ఆ పరీక్ష మేం చేయకుంటే పిల్లల మార్కులు ఎవరి చేతిలో పడేవో ఒక్కసారి ఆలోచించండి.

సాయంత్రం వాడి నోట్సు తెమ్మన్నా. జిరాక్సు కాగితాలు, స్పైరల్ బైండింగు. చివరి పేజీల్లో వర్చువల్ హోస్ట్ గురించి, అంటే ఒక్కో పేరుకు ఒక్కో ఫోల్డర్ చూపించే అపాచీ సెట్టింగు గురించి ఉందప్పా! ఉంది, చెప్పలేదు. "అది సిలబస్‌లో లేదు, కావాలంటే చదువుకోండి" అన్నారంట. సరే, ఉన్నదైనా సరిగ్గా ఉందా? ఫోల్డర్‌లోకి అందరినీ రానిచ్చేదానికి ఆర్డర్ అలౌ కామా డినై, అలౌ ఫ్రమ్ ఆల్ అని రాసినారు. అది అపాచీ 2.2 నాటి మాట. 2012లోనే 2.4 వచ్చింది, అందులో రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ అని రాయాల. ఇప్పటి జాంప్‌లో, హెచ్‌టీడాక్స్ బయట ఉన్న ఫోల్డర్‌కు ఆ పాత వరసలు మాత్రమే పెడితే 403, అంటే అనుమతి లేదు, అని తలుపు మూసుకుంటుంది. పిల్లోడు ఒకసారి చేసి చూసినాడంట. 403 వచ్చిందంట. "నాకు రాదు అన్నా, ఇది పెద్దోళ్ల పని" అనుకొని వదిలేసినాడంట. ఈ మాట విన్నప్పుడు నాకు కడుపులో తిప్పింది. వాడికి రాకపోవడం కాదు, కాగితం తప్పు. పిల్లోడు తనను తాను తప్పు పట్టుకున్నాడు.

ఇంకా వినండి. అదే నోట్సులో సైట్ పేరు చివర డాట్ డెవ్ పెట్టుకోమని ఉంది. డాట్ డెవ్ గూగుల్ చేతిలో ఉన్న అసలు డొమైన్. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63 నుంచి డాట్ డెవ్ పేరు కొడితే బలవంతంగా హెచ్‌టీటీపీఎస్‌కే, అంటే సర్టిఫికెట్ అడిగే తాళం దారికే పోతుంది, సర్టిఫికెట్ లేని మన మెషిన్‌లో ఏమీ తెరుచుకోదు. ఇట్లాంటి పనుల కోసమే డాట్ టెస్ట్ అనే పేరును 1999లోనే విడిగా తీసిపెట్టినారు. దాన్ని బయట ఎవరికీ అమ్మరు. వాడుకోవడానికి ఒక్క పైసా కట్టేది లేదు.

రాత్రి ఏడుకు వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నా. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిపించినా, లేకుంటే హోస్ట్స్ ఫైలు సేవ్ కాదు. ఏ పేరు ఏ అడ్రస్‌కు పోవాల్నో మన మెషిన్‌కు చెప్పే ఫైలు అది; సిస్టం32లో, డ్రైవర్స్‌లో, ఈటీసీ ఫోల్డర్లో ఉంటుంది, పేరు వెనక డాట్ టీఎక్స్‌టీ ఉండకూడదు. మూడు వరసలు: 127.0.0.1, పక్కన ఒక్కో సైట్ పేరు. తరవాత అపాచీ కాన్ఫ్ ఫోల్డర్లో ఎక్స్‌ట్రా లోపల వర్చువల్ హోస్టులు రాసే వీహోస్ట్స్ ఫైలు. ఒక్కో సైట్‌కు ఒక్కో ముక్క, అందులో పేరు ఏది, ఫోల్డర్ ఏది. అన్నిటికన్నా పైన లోకల్‌హోస్ట్‌కు ఒక ముక్క పెట్టించినా, ఎందుకంటే ఏ పేరూ కుదరనప్పుడు అపాచీ మొదటి ముక్కనే చూపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక, లోకల్‌హోస్ట్ కొడితే వేరే సైట్ వస్తోందని తల పట్టుకున్నవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు. అపాచీ ఆపి మళ్లీ వేసినాం.

మూడు పేర్లు, మూడు సైట్లు. విత్తనాలు డాట్ టెస్ట్, బడి డాట్ టెస్ట్, మండపం డాట్ టెస్ట్. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. పిల్లోడు మూడు ట్యాబులూ మార్చి మార్చి చూసినాడు, వాడి మొహం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి.

ఇట్ల చేసినా, సైట్ బయటికి పంపేటప్పుడు పేరు మార్చే పని ఉంటుంది, లేదనను. సైట్లు చేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ తన అడ్రస్‌ను డేటాబేస్‌లో రాసుకుంటుంది. కాని మారేది పేరొక్కటే. లోపలి దార్లన్నీ ఇక్కడ ఎట్లుంటే అక్కడా అట్లే ఉంటాయి. ఇంకోటి, డేటాబేస్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి పేరు మార్చొద్దు. కొన్ని సెట్టింగుల్లో పేరు పక్కనే దాని అక్షరాల లెక్క కూడా రాసి ఉంటుంది, లెక్క తప్పితే ఆ సెట్టింగే ఎగిరిపోతుంది. మధ్యాహ్నం పిల్లోడు కంగారులో అదే చేసినాడు, మా దగ్గర కాపీ ఉండబట్టి బతికినాం. వర్డ్‌ప్రెస్‌కు కమాండ్లిచ్చే డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో సెర్చ్-రీప్లేస్ ఆ లెక్క తనే సరిచేస్తుంది.

కాపీ అంటే గుర్తొచ్చింది. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మా నాయన అంగడి లెక్కల పుస్తకాలన్నీ బురదలో పోయినాయి. ఎవరు ఎంత బాకీ అనేది ఆ పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు. ఇచ్చేవాళ్లు ఇచ్చినారు, మిగతావాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆ పొద్దు నుంచి నాకు ఏదీ ఒకే చోట ఉంటే నిద్ర రాదు. అందుకే బతికున్న సైట్‌లో నేరుగా చెయ్యి పెట్టేవాళ్లను చూస్తే నాకు భయం. తన మెషిన్‌లో సైట్ పెట్టుకోవడం రానోడే ఆ పని చేస్తాడు.

నిజం చెప్పాలంటే ఈ మంట ఈ రోజుది కాదు. నేను ఇంజనీరింగు చదివేటప్పుడు మా ల్యాబ్‌లో ఇదే అపాచీ సెట్టింగులను రికార్డు పుస్తకంలో పెన్నుతో రాయించినారు. పెన్నుతో! కుడి పేజీలో కోడు, ఎడమ పేజీలో అవుట్‌పుట్. ఎవరూ నడపని కోడుకు అవుట్‌పుట్ ఎక్కడిది? సీనియర్ల రికార్డు చూసి రాసినాం. ఒకసారి నేను లేచి, "సార్, హోస్ట్స్ ఫైలు మార్చాల, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టండి" అని అడిగితే, "రికార్డు మీద సంతకం కావాల్నా, వద్దా?" అన్నాడు. ఏమీ అనకుండా కూర్చున్నా. ఎక్స్‌టర్నల్ వచ్చినాడు, రికార్డు అందంగా ఉందన్నాడు, మార్కులు వేసినాడు.

నాకు నిజంగా నేర్పింది సీ క్యాంపు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఒక అన్న. పదో తరగతితో ఆపేసినాడు ఆయన. రాత్రి షట్టరు సగం దించి, "ఈ మూలది నీది, పాస్‌వర్డ్ ఇదీ, పాడు చేసినా నేను చూసుకుంటా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను ఈ పొద్దు అన్నం తింటున్నా. మా పిల్లోడికి ఇరవై రెండు వేలు తీసుకున్నవాళ్లు ఆ మాట కూడా అనలేదు. పైగా "ఇవన్నీ కావాలంటే బెంగళూరు పోవాల" అన్నారంట. హోస్ట్స్ ఫైల్లో ఒక వరస రాసుకోవడానికి బెంగళూరు ఎందుకు పోవాల?

పిల్లోడికి ఆ కోర్సు చెప్పిన సెంటర్ కొత్త బ్యాచ్ పోస్టరు నిన్ననే రాజ్‌విహార్ దగ్గర గోడ మీద చూసినా. సోమవారం పది గంటలకు నేనూ మా పిల్లోడూ పోతున్నాం. ఫీజు రసీదూ, ఆ స్పైరల్ నోట్సూ తీసుకొని. దుడ్లు వెనక్కి ఇస్తారా లేదా అనేది తరవాత. ముందు ఆ రెండు పేజీలు కొత్త బ్యాచ్ పిల్లోళ్ల చేతికి పోకుండా మార్చాల. సరైన వరసలు మేమే రాసి తీసుకుపోతున్నాం, పిల్లోడు ఇప్పుడు పక్క గదిలో అదే టైపు చేస్తా ఉన్నాడు.