మౌత్ ఆర్గాన్ పిల్లల మీద ఒక ఫిర్యాదు

ఇక ఊరుకుంటే లాభం లేదని రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నవాణ్ని నేను. వాయిస్తున్నాను అంటే, అది సొరుగులో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, నాకు వచ్చిన ఒకే ఒక్క పాట వాయించి, ఇంట్లోవాళ్లు "బాగుంది" అనగానే మళ్లీ లోపల పెట్టేస్తాను. ఇన్నేళ్లూ ఇలా ప్రశాంతంగానే గడిచాయి. ఇప్పుడు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఫోన్ ముందు కూర్చుని అదే వాద్యాన్ని వాయిస్తున్న తీరు చూస్తే, మా తరానికి జరుగుతున్న అన్యాయం గురించి ఎవరో ఒకరు నోరు విప్పాలనిపించింది. నా నోరు ఎలాగూ ఖాళీగానే ఉంది.

మౌత్ ఆర్గాన్‌కీ, దాన్ని కొనుక్కున్న మనిషికీ మధ్య ఒక ఒప్పందం ఉండేది. వయొలిన్ కొన్నవాడు మొదటి ఏడాదంతా ఇంటిల్లిపాదినీ ఏడిపించాలి. వేణువు కొన్నవాడికి మొదటి వారం ఉత్త గాలి తప్ప ఏమీ రాదు. మౌత్ ఆర్గాన్ అలా పీడించదు. సి శ్రుతి మౌత్ ఆర్గాన్ పెట్టె ఒకటి తీసుకుని ఎక్కడ నోరు పెట్టి ఊదినా స, గ, ప, మళ్లీ స, గ, ప, ఇవే మోగుతాయి, మూడు రంధ్రాలు ఒకేసారి ఊదినా కమ్మగానే ఉంటుంది, అంటే తప్పు వాయించాలంటే కాస్త కష్టపడాలి. కొన్న అయిదు నిమిషాలకే మనం కళాకారులం. ఇంతకు మించి ఎవరూ మనల్ని అడగరు, మనమూ ఎవరికీ హామీ ఇవ్వం. ఎంత చక్కటి ఏర్పాటు!

పైగా మాకు ఇంకో రక్షణ కూడా ఉండేది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా తరం గౌరవమంతా దీని మీదే నిలబడింది. అదే పెట్టెలో గాలి పీలిస్తే ఎడమ నుంచి వరుసగా రి, ప, ని, రి, మ, ద, ని, రి, మ, ద వస్తాయి. పది రంధ్రాలు, 20 రీడ్లు, అంటే గాలి తగిలితే మోగే సన్నటి లోహపు రేకులు. రెండో రంధ్రంలో పీలిస్తే వచ్చే ప, మూడో దాంట్లో ఊదితే వచ్చే ప ఒకటే కాబట్టి తేలేది 19 స్వరాలు. ఇప్పుడు కింది సప్తకంలో మ ఎక్కడుందో వెతకండి. లేదు. ద? అదీ లేదు. చివర్న పై సప్తకంలో ని కూడా లేదు. పాట కింది సప్తకంలోకి దిగి నేను తడబడినప్పుడల్లా "ఈ వాద్యంలో ఆ స్వరం ఉండదండీ" అని, ఒక డాక్టరు రోగి బంధువులతో చెప్పినంత నెమ్మదిగా చెప్పేవాణ్ని. అందరూ తలూపేవారు. మాథియాస్ హోనర్ జర్మనీలోని ట్రోసింగెన్‌లో 1857లో వీటి తయారీ మొదలుపెట్టాడు. అంత పెద్ద కంపెనీయే ఇవ్వని స్వరం నేనెక్కడి నుంచి తేను?

ఈ పిల్లలు తెస్తున్నారు. అదీ నా ఫిర్యాదు.

మా మేనకోడలు ఒకతి ఉంది, పదిహేడేళ్లు. మొన్న మా ఇంటికొచ్చి తన పెట్టె తీసి మూడో రంధ్రంలో గాలి పీల్చింది. ని వచ్చింది, వస్తుంది, అందులో వింతేం లేదు. తర్వాత పెదవి కదల్లేదు, చెయ్యి కదల్లేదు, పెట్టె పక్కకి జరగలేదు, ఆ ని మాత్రం మెల్లగా కిందికి దిగి కైశికి నిషాదం, అంటే ఒక మెట్టు కిందున్న ని దగ్గర ఆగింది, అక్కడి నుంచి చతుశ్రుతి ధైవతం, అంటే మామూలు ద దగ్గర ఆగింది, ఇంకో మెట్టు దిగి శుద్ధ ధైవతం, అంటే కింది ద దగ్గర ఆగింది. ఒకే రంధ్రం, ఒకే ఊపిరి, నాలుగు స్వరాలు. నేను లేదని ఇరవై ఏళ్లు ప్రమాణం చేసి చెప్పిన ద ఆ మెట్ల మధ్యలో నిక్షేపంగా కూర్చుని ఉంది. మ సంగతి అడిగితే రెండో రంధ్రంలో ప పీల్చి రెండు మెట్లు దించి చూపించింది.

"ఎలా చేశావే?" అన్నాను.

"నాలుక మామయ్యా. 'ఈ' అంటున్నట్టు ఉన్నదాన్ని 'ఓ' అంటున్నట్టు వెనక్కి లాగాలి. గట్టిగా పీల్చకు, గట్టిగా పీలిస్తే రాదు."

దీన్ని బెండ్ అంటారట. ఒక్కో రంధ్రంలో ఊదడానికొక రీడు, పీల్చడానికొక రీడు ఉంటాయి కదా, నోటి లోపలి ఖాళీ ఆకారం మారేసరికి పీల్చే రీడు కిందికి వంగి, పక్కనున్న ఊదే రీడు కూడా పనిలో చెయ్యి వేస్తుందట. బయటి నుంచి చూస్తే ఏమీ కనపడదు. వీణ మీద తీగ లాగితే వేలు కనిపిస్తుంది, వేణువు మీద వేలు ఎత్తితే కనిపిస్తుంది, ఇక్కడ జరిగేదంతా మూసిన నోట్లో. చూసి కాపీ కొట్టడానికి లేని విద్య ఇది, చెవితో వెతుక్కోవాల్సిందే. బెండ్ మొదలుపెట్టడం నెలా రెండు నెలల్లో ఎవరికైనా వస్తుందని, మధ్య మెట్టు మీద వణక్కుండా, శ్రుతి తప్పకుండా నిలబడ్డమే అసలు సంగతని అమ్మాయి చెప్పింది. చాలామంది కిందిదాకా జారిపోతారు, నడుమ పట్టుకోడానికి గోడ ఉండదు. అందుకే బాగా వాయించే పిల్లల్ని గుర్తుపట్టాలంటే ఆ మూడో రంధ్రం దగ్గర చెవి పెడితే చాలట. ఆ వెలుగులో నా పాటను నేనే ఒకసారి విన్నాను. ఆ వివరాలు ఇక్కడ అనవసరం.

ఇంతటితో ఆగినా క్షమించేవాణ్ని. వీళ్లు ఓవర్‌బ్లో అని ఇంకొకటి చేస్తున్నారు. ఆరో రంధ్రంలో ఊదితే ప రావాలి, పీలిస్తే ద రావాలి, ఇది అందరికీ తెలిసిన న్యాయం. వీళ్లు ఊదుతారు, వచ్చేది కైశికి నిషాదం! ఊదే రీడు నోరు నొక్కేసి, పీల్చాల్సిన రీడు చేత దాని సొంత స్వరం కంటే ఒక మెట్టు పైన పలికిస్తారు. దొంగ దొరికిపోయాడు కాబట్టి పేరు చెప్పేస్తున్నాను. అమెరికాకు చెందిన హోవర్డ్ లీవీ. 1951లో పుట్టిన ఈయన ఇరవై ఏళ్లు నిండకముందే, 1970 ప్రాంతంలో ఇది సొంతంగా కనిపెట్టి, పది రంధ్రాల చిన్న పెట్టెలో పన్నెండు స్వరాలూ దొరికే దారి చూపించాడు. చేసినప్పుడు ఆయన వయసు చూడండి. పెద్దవాళ్లెవరికైనా ఇలాంటి ఆలోచన వస్తుందా? మాకు "ఉండదండీ" అనే మాట చేతిలో ఉండగా!

అసలు ఈ వాద్యం చరిత్ర తిరగేస్తే ప్రతి పేజీలోనూ కుర్రాళ్లే అడ్డుపడతారు. బ్లూస్ అనే అమెరికా నల్లజాతి సంగీతం వాయించే లిటిల్ వాల్టర్ 1952లో 'జూక్' రికార్డు చేసినప్పుడు ఆయనకు 22 ఏళ్లు. గిటార్ల హోరులో తన వాద్యం వినపడ్డం లేదని చిన్న మైకును పెట్టెతో పాటు గుప్పిట్లో బిగించి పట్టుకుని ఆంప్లిఫైయర్‌లోకి పంపాడు. మామూలు మనిషైతే గిటారువాణ్ని తగ్గించుకోమని బతిమాలుకుంటాడు. ఈయన గుప్పిట బిగించి, సడలించి, ఆ గరగరనే కొత్త వాద్యం చేసేశాడు. ఇక అమెరికా గాయకుడు స్టీవీ వండర్ పాట 1963లో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరేసరికి ఆయన వయసు 13. ఆ పాటలో హార్మోనికా, అంటే మన మౌత్ ఆర్గానే, ఆయనదే. పదమూడేళ్లకు నేనేం చేస్తున్నానో గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం లేదు.

దీనికి విరుగుడుగా మాకు ఒక ఆదర్శ పురుషుడున్నాడు, అమెరికా వ్యోమగామి వాలీ షిర్రా. 1965 డిసెంబరులో జెమిని 6 అంతరిక్ష నౌకలోంచి వేలెడంత కూడా లేని, నాలుగే రంధ్రాల పెట్టె మీద ఒక క్రిస్మస్ పాట వాయించాడు. బెండ్ లేదు, ఓవర్‌బ్లో లేదు, ప్రపంచమంతా మురిసిపోయింది. శ్రోతలకూ వాయించేవాడికీ మధ్య అంత దూరం ఉంటే సంగీతం ఎప్పుడూ బాగానే ఉంటుంది.

బటన్ ఉన్న క్రోమాటిక్ హార్మోనికా వాయించేవాళ్ల జోలికి నేను పోను. 12 రంధ్రాలు, 48 రీడ్లు, కుడిపక్క బటన్ నొక్కితే ప్రతి స్వరమూ ఒక మెట్టు పైకి. అక్కడ స్వరం లేదని చెప్పే అవకాశమే లేదు కాబట్టి మా వర్గం ఆ వైపు అడుగుపెట్టలేదు. ఆ వాద్యం వాయించే లారీ ఆడ్లర్ కోసం వాన్ విలియమ్స్ అంతటి స్వరకర్త ఆర్కెస్ట్రాతో కలిపి రచన చేశాడు. బెల్జియం పెద్దాయన టూట్స్ తీల్‌మాన్స్ జాజ్‌లో దాంతోనే జీవితమంతా గడిపాడు. ఇప్పుడు హాంకాంగ్ నుంచి సై లియో లాంటి వాళ్లు వచ్చారు. పోనీలెండి.

జనం కామెంట్లు చూస్తే మాత్రం ఒక్క విషయంలో ఊరట కలుగుతుంది. పిల్లవాడు రైలింజనులా ఊదేస్తే చాలు, "అబ్బ, ఎంత స్పీడు!" అంటారు. మాకు కావాల్సింది అదే. ఎందుకంటే వేగంగా వాయించేవాడి మీద ప్రయోగించడానికి మా దగ్గర రెడీమేడ్ వాక్యం ఉంది, "వేగం ఉంది, భావం లేదు". ఈ వాక్యంతో నేను ఇప్పటిదాకా ఓ ముప్పైమందిని కొట్టేశాను. అసలు గొడవంతా నెమ్మదిగా వాయించే పిల్లలతోనే. బ్రెజిల్ అమ్మాయి ఇండియారా స్ఫైర్ వీడియో ఒకటి చూశాను. తొందర లేదు, గారడీ లేదు, ఒక స్వరం తీసి, దాన్ని అలా ఉంచి, చివర్లో మాత్రం కొద్దిగా వణికించి వదిలేస్తుంది. ఆ వణుకు చేతి ఊపు కాదట, గొంతులోంచి, ఇంకా లోపల పొట్ట దగ్గర నుంచి వస్తుందట. నా వాక్యం బయటికి తీశాను. వేగం లేదు. భావం ఉంది. వాక్యాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఇంకో చిక్కు ఊపిరిది. మిగతా ఊదే వాద్యాలకు బయటికి వదిలే గాలే సంగీతం, పీల్చుకోవడం విశ్రాంతి. దీనికి రెండూ సంగీతమే కాబట్టి విశ్రాంతి ఎక్కడ తీసుకోవాలో ముందే అనుకుని పెట్టుకోవాలి. బ్లూస్ వాయించేవాళ్లు సి పెట్టెతో జి శ్రుతిలో, అంటే ప నే స అనుకుని వాయిస్తారు, క్రాస్ హార్ప్ అంటారు దాన్ని. అందులో ముఖ్యమైన స్వరాలన్నీ పీల్చే వైపే ఉండేసరికి నాలాంటివాడు నాలుగు వరుసలకే ఛాతీ నిండిపోయి, గాలి ఎటు వదలాలో తెలియక బుడగలా కళ్లు తేలేస్తాడు. పిల్లలు రెండు పదాల మధ్య ముక్కుతో కాస్త వదిలేస్తారు, పాట మధ్యలో ఒక ఊదే స్వరాన్ని కావాలని పెట్టుకుని అక్కడ ఖాళీ చేసుకుంటారు. వినేవాళ్లకు అది 'ఎంత చక్కగా ఆగాడు' అనిపిస్తుంది. ఆగింది ఊపిరి కోసం. మనం మాట్లాడేటప్పుడు ఆగినట్టే ఆగుతారు, అందుకే పాట మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఈ రహస్యం బయటపెట్టినందుకు నన్ను మా వాళ్లు వెలివేసినా వేయొచ్చు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తప్పు వాద్యంలోనే ఉందని నిర్ధారించుకుని ఖరీదైన పెట్టె ఇంకొకటి కొన్నాను. అది కూడా నాలాగే మోగింది. పిల్లలేమో మామూలు పెట్టెకే స్క్రూలు విప్పి, పై రేకు తీసి, రీడుకీ ప్లేటుకీ మధ్య సందును వెంట్రుకవాసి అటూ ఇటూ సరిచేసి, తమ ఊపిరికి తగ్గట్టు కుదుర్చుకుంటున్నారు. ఓవర్‌బ్లోలు సులువుగా రావడానికి సగం కారణం అదేనట. ఇరవై ఏళ్లలో ఆ స్క్రూలు ఉన్నాయని కూడా నేను గమనించలేదు. అలంకారం అనుకున్నాను.

కాబట్టి సంబంధిత అధికారులెవరో తెలియదు గానీ, వారికి ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాను. ఇరవై అయిదేళ్లు నిండేవరకు మూడో రంధ్రంలో ఒక స్వరానికి మించి తీయరాదు. లేని స్వరాలు వాయించేవారు అవి ఎక్కడి నుంచి తెచ్చారో లెక్క చూపాలి. నలభై దాటినవారు గదిలో ఉన్నప్పుడు నెమ్మది పాటలు పూర్తిగా నిషిద్ధం. మా సొరుగుల్లోని పెట్టెలకు పురావస్తు హోదా ఇవ్వాలి, అంటే చూడొచ్చు, ముట్టుకోకూడదు, వాయించి చూపించమని అడగకూడదు.

ముసాయిదా రాసి మేనకోడలికి చదివి వినిపించాను. శ్రద్ధగానే వింది. "ఏదీ మామయ్యా, ఒకసారి నీ పెట్టె ఇవ్వు" అంది. వద్దంటే బాగుండదని ఇచ్చాను. జేబురుమాలుతో తుడిచి, ఒకటో రంధ్రం నుంచి ఊదుతూ పీలుస్తూ వరుసగా పైకి వెళ్లింది. అయిదో దాని దగ్గర ఆగింది. మళ్లీ పీల్చింది. గాలి శబ్దం తప్ప ఏమీ రాలేదు.

"అయిదో రంధ్రం పీల్చే రీడు పోయింది, మ పలకడం లేదు. ఎన్నాళ్లైంది మామయ్యా?"

నా పాటలో నాలుగోచోట ఒక ఖాళీ వస్తుంది. దాన్ని నేను నా శైలి అనుకుంటూ ఉన్నాను, ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. ఎన్నాళ్లైందో గుర్తు లేదని చెప్పాను. వినతిపత్రంలో మాత్రం ఈ రీడు ప్రస్తావన తేవడం లేదు.